కొయ్యను వదలని ఫోటో

మేఘాలయ అడవుల్లో రాత్రిపూట తీసిన ఫోటోలు కొన్ని ఉన్నాయి. ఎండి పడిపోయిన వెదురు బొంగు మీద సన్నటి పుట్టగొడుగులు గుంపుగా మొలిచి ఉంటాయి. వాటి కాడలు లేతాకుపచ్చ కాంతితో వెలుగుతుంటాయి. పైనున్న గొడుగులు మాత్రం వెలగవు. చూడగానే కన్ను ఆ ఆకుపచ్చ దగ్గరే ఆగిపోతుంది. తీసినవాడి పనితనం తెలియాలంటే ఇంకాసేపు చూడాలి.

ఇలాంటి ఫోటో తీయాలంటే షట్టర్‌ను అర నిమిషం, ఒక్కోసారి నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. తక్కువసేపు తెరిస్తే అంతా నలుపే. మరీ ఎక్కువసేపు తెరిస్తే ఆకుపచ్చ చుట్టుపక్కలకు పాకి, గొడుగు కూడా వెలుగుతున్నట్టు అబద్ధం చెబుతుంది. చుట్టూ ఏముందో తెలియడానికి టార్చి వేస్తే, ఆ వెలుతురు ముందు కాడల కాంతి నిలబడదు. ఏది వెలుగుతోందో, ఏది వెలగడం లేదో రెండూ నిజంగా కనబడాలంటే ఈ మూడింటి మధ్య సన్నటి దారి వెతుక్కోవాలి. ఆ దారి దొరికింది కాబట్టే ఆ ఫోటోలు అందమైన బొమ్మలుగా మిగిలిపోకుండా సాక్ష్యాలయ్యాయి. 2020లో ‘ఫైటోటాక్సా’ పత్రికలో ఈ పుట్టగొడుగును శాస్త్రానికి కొత్త జాతిగా ప్రకటించినప్పుడు, వెలుగు కాడలోనూ కొయ్యలో అల్లుకున్న శిలీంధ్రజాలంలోనూ ఉందని, గొడుగులో లేదని రాశారు. పేరు రోరిడోమైసిస్ ఫిల్లోస్టాకిడిస్. ఏ వెదురు మీద మొలిచిందో ఆ వెదురు పేరే దాని పేరులో చేరింది.

ఈ పుట్టగొడుగు బయటపడిన శిలీంధ్రాల సర్వేలో ఫోటోలు తీసినవాడు స్టీఫెన్ యాక్స్‌ఫర్డ్. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలో, వర్షారణ్యాలకు దగ్గర్లో ఉంటాడు. శిలీంధ్ర శాస్త్రం డిగ్రీగా చదివినవాడు కాదు. అడవుల్లో తిరుగుతూ, ఫోటోలు తీస్తూ, తీసినవి ఏమిటో తెలుసుకుంటూ నేర్చుకున్నవాడు. సినిమాలు తీసే క్యాథరిన్ మార్సినియాక్ అతనికి తోడు. ఇద్దరూ కలిసి ‘ప్లానెట్ ఫంజై’ పేరుతో పనిచేస్తున్నారు. 2016లో బీబీసీ ప్రసారం చేసిన ‘ప్లానెట్ ఎర్త్ 2’లో పుట్టగొడుగులు కళ్ళముందే పెరిగే దృశ్యాలు చూసినవాళ్ళు, పేరు తెలియకుండానే అతని పని చూసి ఉంటారు.

మేఘాలయలో ఆ వెలిగే వెదురును మొదట కనిపెట్టింది మాత్రం పరిశోధకులు కాదు. అక్కడి గ్రామస్థులకు అది ముందునుంచీ తెలుసు. చీకటి పడ్డాక అడవిలో దారి చూసుకోవడానికి వెలిగే వెదురు ముక్కలను చేత పట్టుకుని నడిచేవారట. తూర్పు ఖాసీ కొండల్లో మాలిన్నాంగ్ దగ్గర వాగు ఒడ్డుకు, ఆ తర్వాత పశ్చిమ జైంతియా కొండల్లో క్రాంగ్ సూరి దగ్గరికి సర్వే బృందం చేరిందంటే అందులో ఊరివాళ్ళ వంతు చాలా ఉంది. వాళ్ళకు ఉపయోగపడింది పుట్టగొడుగు కాదు, కొయ్య. శిలీంధ్రపు తంతువులు లోపలంతా అల్లుకున్నాయి కాబట్టి ఆ కొయ్యే వెలుగుతుంది. ఈ రకం ఫోటోల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. మనం పుట్టగొడుగు అంటున్నది చెట్టుకు కాయ లాంటిది. అసలు జీవి దుంగ లోపల ఉంది. దుంగను వదిలేసి గొడుగును మాత్రమే పట్టుకున్న ఫోటో ఎంత ముద్దొచ్చినా సగమే.

కొందరు వెనకాల నల్ల గుడ్డ కట్టి, పుట్టగొడుగు ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు తీస్తారు. రంగు అదిరిపోతుంది, నిజమే. కానీ అది ఏ చెట్టు మోడు మీద మొలిచిందో, ఆ కొయ్య ఎంతవరకు చివికిందో, పక్కన నాచు ఉందో లేదో చెప్పడానికి ఆ ఫోటోలో ఆధారమే ఉండదు. నగల దుకాణం అద్దాల పెట్టెకు ఆ పద్ధతి సరే. అడవికి సరిపోదు.

కొయ్యను చదవడం దగ్గర్నుంచే ఈ పని మొదలవుతుంది. కొయ్య పుచ్చడంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. కొయ్యకు గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్, నారలా సాగేది సెల్యులోజ్. కొన్ని శిలీంధ్రాలు లిగ్నిన్‌నూ కరిగించేస్తాయి. అప్పుడు కొయ్య తెల్లబారి, వేలితో గీకితే పీచుపీచుగా, తడి దూదిలా ఊడివస్తుంది. దీన్ని తెల్ల కుళ్ళు అంటారు. మరికొన్ని సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను దాదాపు అలాగే వదిలేస్తాయి. అప్పుడు కొయ్య ముదురు గోధుమ రంగుకు మారి, అడ్డంగా నిలువుగా బీటలు తీసి, ఘనాలుగా చిట్లుతుంది, చిదిమితే పొడి. ఇది గోధుమ కుళ్ళు. లిగ్నిన్‌ను విరగ్గొట్టగలిగే విద్య శిలీంధ్రాలకు అబ్బి దాదాపు 30 కోట్ల ఏళ్ళయిందని 2012లో వాటి జన్యువులను పోల్చి చూసినవాళ్ళు అంచనా కట్టారు. ఆ విద్యే లేకపోతే పడిన చెట్టు పడినట్టే ఉండిపోయేది.

కెమెరా పట్టుకున్నవాడికి ఇదంతా ఎందుకంటే, రెండు కుళ్ళుల మీదా మొలిచేవి వేరు, వాటి పక్కన కొయ్య కనబడే తీరు వేరు. తెల్ల కుళ్ళు పట్టిన వెడల్పాటాకుల చెట్టు దుంగ వాన తర్వాత స్పంజిలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. మన ప్రాంతాల్లో మామిడి మోడు, ఊళ్ళో కొట్టేసి వదిలేసిన చెట్ల మొద్దులు, వాగుల పక్కన ఒరిగిన మానులు ఇలాంటివే. మారేడుమిల్లి, అరకు వైపు అడవుల్లోనూ, నల్లమలలో నీడ ఉన్న లోయల్లోనూ ఇవి దండిగా దొరుకుతాయి. తొలకరి పడగానే పరిగెత్తితే ఏమీ దొరకదు. వేసవంతా ఎండిన దుంగ మొదటి జల్లు తాగి ఊరుకుంటుంది. ముసురు పట్టి నాలుగు రోజులు ఆగి, మధ్యలో కాస్త తెరిపిచ్చినప్పుడు కొయ్య లోపలిదాకా నానుతుంది. అప్పుడు వెళ్ళాలి. ఎండ తగిలే వైపు కాకుండా నేలకు ఆనిన వైపు, రంపం కోసిన అడ్డకోత ముఖం, బెరడు విడిపోయి ఖాళీ ఏర్పడిన సందు, ఈ మూడు చోట్లా వెతకాలి.

దీనికి ఒక మినహాయింపుంది. ఎండ నేరుగా పడే కొయ్య మీద కూడా హాయిగా ఉండేది పిక్నోపోరస్. కాషాయానికీ ఎరుపుకీ మధ్య రంగు, పలుచటి అర్ధచంద్రాకారపు పలకలు. కింది వైపు సూదిమొన పట్టేంత రంధ్రాలు. దూరం నుంచే కనబడుతుంది, నెలల తరబడి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా ఓపికైన మోడల్ దొరకదు. ఎర్ర రంగును కెమెరా అతిగా పట్టి, పలక మీది నునుపు గీతలన్నీ ఒకే ముద్దగా చేసేస్తుంది కాబట్టి వెలుతురును ఒక మెట్టు తగ్గించి తీయడం దీని దగ్గరే అలవాటవుతుంది.

కోనసీమ రైతులకు ఇంకోటి బాగా తెలుసు. కొబ్బరి చెట్టు మొదట్లో, నేలకు కాస్త పైన, లక్క పూసినట్టు మెరిసే గోధుమ ఎరుపు పలక. గానోడెర్మా. ఆ పలక బయటికి వచ్చేసరికి లోపల కాండం పాడైపోయి ఉంటుంది. ఫోటోకు అది అందగత్తె, తోటకు చావు కబురు. ఇలాంటిది కనబడితే ఫోటో తీసుకోవడంతో పాటు తోట యజమానికి ఒక మాట చెప్పాలి. పక్క చెట్ల మధ్య కందకం తీసి వేర్ల సంబంధం తెంపాల్సిన పని ఆయనకు ఉంటుంది.

అయితే ఈ ఫోటో విద్య ఎంత లోతైనదో తెలియడానికి నేను ఎంచుకునేది చాలా మామూలు జాతి, స్కైజోఫిల్లమ్ కమ్యూన్. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. మీ వీధి చివర విరిగిపడిన కొమ్మ మీద కూడా ఉండే ఉంటుంది. మణిపూర్‌లో దీన్ని వండుకుని తింటారు. పైనుంచి చూస్తే గోరంత విసనకర్ర. బూడిద తెలుపు, మీద ఉన్నిలాంటి నూగు, కాడ లేదు. ఎండ రోజున చూస్తే ముడుచుకుపోయిన చెత్త. దాటి వెళ్ళిపోతాం.

దాని కింది వైపు చూడాలి. విసనకర్ర మూలం నుంచి అంచు వరకు రేకులు విచ్చుకుని ఉంటాయి. భూతద్దం పెడితే ఒక్కో రేకు అంచు నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండగా ఉన్నప్పుడు ఆ చీలిన రెండు భాగాలూ చెరో వైపుకు చుట్టుకుని, బీజాలు పుట్టే లోపలి ముఖాన్ని మూసేస్తాయి. వాన పడి తడి అందగానే కొన్ని గంటల్లో మళ్ళీ విప్పుకుని, బీజాలు వదలడం మొదలుపెడతాయి. కెనడాలోని విన్నిపెగ్‌లో పనిచేసిన రెజినాల్డ్ బుల్లర్ అనే శాస్త్రవేత్త ఎండిన నమూనాలను గాలి తీసేసిన గాజు గొట్టాల్లో సీలు వేసి ఉంచాడు. యాభై ఏళ్ళు దాటాక తెరిచి తడిపితే వాటిలో ప్రాణం ఉంది. అప్పటికి బుల్లర్ లేడు.

ఈ జీవిని ఒకే ఫోటోలో పట్టలేం. రెండు కావాలి, ఎండినప్పుడు ఒకటి, తడిసినప్పుడు ఒకటి, అదే కొమ్మ మీద, అదే కోణంలో. రెండూ పక్కపక్కన పెడితే రేకుల కదలిక కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కావలసింది ఎండ రోజున కూడా ఆ కొమ్మ దగ్గరికి వెళ్ళే ఆసక్తి. కెమెరాను కొమ్మ కన్నా కిందికి దించే ఓపిక కూడా కావాలి. యాక్స్‌ఫర్డ్ ఫోటోల్లో చాలాసార్లు మనం పుట్టగొడుగును పైనుంచి చూడం. పక్క నుంచో, ఇంకాస్త కింద నుంచో చూస్తాం. నిలబడినవాడికి కనబడేది గొడుగు పై భాగం మాత్రమే. నేల మీద బోర్లా పడుకున్నవాడికి రేకులు, కాడ, కాడ కొయ్యను అంటుకున్న చోటు కనబడతాయి. ఆ అంటుకున్న చోటే నా దృష్టిలో ఫోటోకు గుండెకాయ. అక్కడ తెల్లటి నూగు పరుచుకుని ఉంటుంది, కొయ్యలోంచి బయటికి వచ్చిన తంతువులు. పుట్టగొడుగుకూ దుంగకూ మధ్య గీత ఎక్కడా లేదని చూపించేది అదే.

ఇక్కడే పనిలోని కష్టం మొదలవుతుంది. వస్తువును దాని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా అంత దగ్గరగా తీసినప్పుడు, పెద్ద కెమెరాలో లెన్స్ రంధ్రం (ఎపర్చర్) ఎఫ్ 8 దగ్గర ఉంటే స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరే. గొడుగు ముందంచు స్పష్టంగా ఉంటే కాడ మసకేస్తుంది. రంధ్రాన్ని ఎఫ్ 22కి కుదించి లోతు పెంచుకుందామంటే కాంతి కిరణాలు ఇరుకు సందులో వంగి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. అందుకే ఫోకస్ స్టాకింగ్ అనే పద్ధతి వచ్చింది. కెమెరా కదలకుండా పెట్టి, ఫోకస్‌ను వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జరుపుతూ పదో ఇరవయ్యో ఫోటోలు తీస్తారు. ఒక్కో దానిలో స్పష్టంగా ఉన్న పొరను ఏరి సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకటిగా కూరుస్తుంది. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటివి ఈ పనికే ఉన్నాయి. ఇప్పుడు కొన్ని కెమెరాలు తామే ఈ పని చేసుకుంటున్నాయి.

పద్ధతి ఎవరికైనా వస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియడంలోనే నేర్పంతా ఉంది. ముందు గడ్డి నుంచి వెనక చెట్ల దాకా అన్నీ కత్తి అంచులా స్పష్టంగా పెట్టేస్తే కంటికి ఊపిరాడదు. పుట్టగొడుగు మొత్తం, దాని కింది కొయ్య ఒక జానెడు స్పష్టంగా ఉంచి, అక్కడి నుంచి మసకలోకి వదిలేయాలి. కొయ్య మీది నాచు, చెదలు తిన్న గాట్లు, బెరడు అంచు చదవగలిగేలా ఉంటే చాలు. పాత దుంగ మీద అవి ఎంత పని చెబుతాయంటే, ఒక్కోసారి పుట్టగొడుగును పక్కకు పెట్టి వాటినే చూస్తూ ఉండిపోతాం.

వెలుతురు సంగతి ఇంకా సున్నితం. వాన వెలిసిన వెంటనే మబ్బు కమ్మిన ఆకాశం ఇచ్చే వెలుతురు నీడలు లేకుండా సమంగా పడుతుంది. మొదట్లో అదే బాగుంటుంది. కానీ మైసీనా లాంటి చిన్న జాతుల గొడుగు పలుచన, దాదాపు పారదర్శకం. దాని వెనక నుంచో కింద నుంచో చిన్న ఎల్‌ఈడీ దీపం చూపిస్తే రేకులు ఒక్కొక్కటీ గొడుగు గుండా కనబడతాయి. గొడుగే దీపం అయిపోతుంది. యాక్స్‌ఫర్డ్ చిన్న పుట్టగొడుగుల ఫోటోలు అంతగా ఆకట్టుకోవడానికి ఇలాంటి వెలుతురు ఒక కారణం. అయితే దీపం ఎక్కువైతే కొయ్య నల్లబడిపోతుంది. అందుకని దీపాన్ని తగ్గించి, రెండో వైపు నుంచి తెల్ల కాగితమో అగ్గిపెట్టంత వెండి రేకో అడ్డం పెట్టి ఆకాశపు వెలుతురునే కొయ్య మీదికి తిప్పడం మేలు. తడి ఆకుల మీదా, తడి గొడుగు మీదా తళతళ మెరిసే తెల్ల మచ్చలను పోలరైజర్ ఫిల్టర్ తీసేస్తుంది. పూర్తిగా తీసేయకూడదు, వాన పడిందన్న గుర్తు ఆ మెరుపే కదా.

ఫోన్‌తో ఏమవుతుందని అడిగేవాళ్ళకు నా సమాధానం సూటిగా ఉంటుంది. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి స్పష్టంగా వచ్చే లోతు సహజంగానే ఎక్కువ. పైగా పెద్ద కెమెరా దూరని చోట, దుంగ కింది సందులో, ఫోన్ తలకిందులుగా పెడితే లెన్స్ నేలకు అంగుళం ఎత్తులో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకోకుండా చిన్న ఇసుక సంచి మీద ఆనించి, టైమర్ పెట్టి తీయాలి.

కదలని ఫోటోల నుంచి టైమ్‌లాప్స్‌కు వెళ్తే ఇది మరో లోకం. పుట్టగొడుగు అంత వేగంగా పెరగడానికి కారణం, దాని భాగాలన్నీ మొగ్గ దశలోనే చాలావరకు తయారై ఉండటం. ఆ తర్వాతి పెరుగుదలలో ఎక్కువ భాగం కణాలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బడమే. అందుకే వానకూ దీనికీ అంత చుట్టరికం. ఆ ఉబ్బడాన్ని పట్టాలంటే కెమెరా కొన్ని నిమిషాలకు ఒక ఫోటో చొప్పున రోజుల తరబడి తీయాలి. అన్ని రోజులూ వెలుతురు మారకూడదు, లేకపోతే వీడియో మినుకుమినుకుమంటుంది. తేమ తగ్గితే మొగ్గ మాడిపోతుంది, ఎక్కువైతే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఆరుబయట ఇదంతా అదుపులో ఉండదు కాబట్టి యాక్స్‌ఫర్డ్ ఇంటి దగ్గర తేమా వెలుతురూ తన చేతిలో ఉండేలా చోటు ఏర్పాటు చేసుకుని, అక్కడ కొయ్య మీద మొలిచేవాటిని తీస్తాడు. మొగ్గ ఏ వైపు తిరుగుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో ముందే ఊహించి ఫ్రేములో ఖాళీ వదలాలి. గొడుగు విచ్చుకునే చివరి గంటల్లో అది చట్రం దాటి బయటికి పోయిందంటే అన్ని రోజుల పనీ పోయినట్టే. తెర మీద మనం చూసేది కొన్ని సెకన్లు. ఆ సెకన్లలో కాడ తడబడుతూ లేవడం, పక్కదాన్ని నెట్టుకోవడం, గొడుగు కింది పొర చిరగడం, నత్త వచ్చి అంచు కొరికి పోవడం అన్నీ ఉంటాయి. కదలదనుకున్న జీవికి నడత ఉందని తెలుస్తుంది. ఆ దృశ్యాలు చూశాక ఒక్క ఫోటో చూసినా, ఇది ఎటు నుంచి ఎటు పోతోంది అని అడగడం అలవాటవుతుంది.

ఓపికుంటే బీజాలు రాలడాన్ని కూడా పట్టవచ్చు. బుల్లర్ ఆ రోజుల్లోనే చీకటి గదిలో సన్నటి కాంతి పుంజం వేసి గొడుగు కింద నుంచి పొగలా దిగే బీజాలను చూశాడు. ఇప్పుడు ఫోటోగ్రాఫర్లు వాడేది కూడా అదే ఉపాయం. నల్లటి నేపథ్యం, వెనక వైపు నుంచి సన్నటి దీపం. నల్ల గుడ్డకు ఇది సరైన చోటు. ఒక్కో బీజం అడుగున ఒక నీటి బొట్టు పేరుకుని, బీజం ఒంటి మీది నీటి పొరతో ఠక్కున కలిసిపోతుంది. ఆ కుదుపుకు బీజం రేకు నుంచి విడివడి మిల్లీమీటరు కూడా పోకుండా ఆగి, రెండు రేకుల మధ్య సందులోంచి నిట్టనిలువుగా కిందికి పడుతుంది. రేకులు నిలువుకు కాస్త ఒరిగినా బీజాలు పక్క రేకుకు అంటుకుపోతాయి. అందుకే దుంగ పక్కకు దొర్లితే కొత్తగా వచ్చే గొడుగులు మళ్ళీ నేలకు సమంగా తిరిగి మొలుస్తాయి. దొర్లిన దుంగ మీద పాత పలకలు ఒక వైపు, కొత్త పలకలు ఇంకో వైపు తిరిగి ఉండటం కనబడితే ఆ ఫోటో తప్పకుండా తీయండి. దుంగ దొర్లిన సంగతి అందులో రాసి ఉంటుంది.

వానను నేరుగా పనిలో పెట్టుకునేది సయాథస్. చివికిన కొయ్య మీద, పేడ మీద చిన్న గిన్నెల్లా మొలుస్తుంది. గిన్నెలో నల్లటి చదును గుళికలుంటాయి, వాటిలో బీజాలు. వాన చినుకు గిన్నెలో పడితే ఆ తాకిడికి గుళిక ఎగిరి మీటరు దాకా వెళ్ళి, సన్నటి దారంతో గడ్డి పోచకు చుట్టుకుంటుంది. గిన్నె గోడల వాలు సరిగ్గా అందుకు తగ్గట్టే ఉంటుంది. దీన్ని పై నుంచీ పక్క నుంచీ రెండు రకాలుగానూ తీస్తే తప్ప ఆ నిర్మాణం అర్థం కాదు. ఫోటోకు చిక్కే ఇంతటి ఇంజనీరింగ్ ఈ సైజులో నేను మరెక్కడా చూడలేదు.

దుంగ మీద చేతులు పెట్టే ముందు కర్రతో తట్టడం మంచిది. జెర్రులు, తేళ్ళు, అప్పుడప్పుడు పాములు అక్కడే ఉంటాయి. కింది వైపు చూడటానికి దుంగను దొర్లించాల్సి వస్తే చూశాక మళ్ళీ అలాగే పెట్టాలి, లేకపోతే లోపలి తడి ఆరిపోయి అక్కడున్న ప్రాణులన్నీ పోతాయి. ఫోటోకు అడ్డొచ్చిన ఎండుటాకును తీయడం వేరు, నాచును పెరికి కొయ్యను శుభ్రం చేయడం వేరు. రెండోది చేసిన ఫోటో నా కంటికి వెంటనే దొరికిపోతుంది, ఆ దుంగకు వయసు ఉండదు. పుట్టకొక్కులు ఏరుకునే అలవాటున్న ఏజెన్సీ గ్రామాల పెద్దవాళ్ళు తినేవాటిని మట్టి వాసనతో, చోటుతో, కాలంతో గుర్తుపడతారు. ఫోటో చూసి తినేది ఏదో తేల్చుకోవాలని ఎవరూ అనుకోకూడదు. ప్రాణం తీసేవి కొన్ని ఫోటోలో తినదగినవాటిలాగే ఉంటాయి.

ఫోటో గుర్తింపుకు పనికిరావాలంటే మాత్రం కొన్ని పద్ధతులున్నాయి. గొడుగు పై భాగం, కింది భాగం, కాడ మొదలు, మొత్తం దుంగ, ఇన్ని కోణాలూ ఉండాలి. కింది భాగం కోసం పుట్టగొడుగును పీకనక్కర్లేదు, చిన్న అద్దం కింద పెట్టి ప్రతిబింబాన్ని తీయవచ్చు. పక్కన ఏదైనా కొలత ఉండాలి. 2023లో లండన్‌లోని క్యూ ఉద్యానవనం ప్రకటించిన లెక్క ప్రకారం అప్పటివరకు పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు 1,55,000. మొత్తం ఉండొచ్చని అంచనా 25 లక్షలు. అంటే మన దగ్గర ముసురులో ఒక దుంగ ముందు మోకరిల్లినవాడి ఎదురుగా ఉన్నది పేరు లేనిది కావడం అసాధ్యమేమీ కాదు. ఆ పేరు పెట్టడానికి ఫోటో ఒక్కటే చాలదు. ఎండబెట్టిన నమూనా, సూక్ష్మదర్శిని కింద బీజాల కొలతలు, డీఎన్‌ఏ కావాలి. కానీ పుట్టగొడుగు ఎండాక దాని రంగు, తడి, నిలబడిన తీరు పోతాయి. అవి ఫోటోలోనే మిగులుతాయి.

కొయ్య ఏ చెట్టుదో కూడా రాసిపెట్టుకోవాలి. చాలా జాతులు ఫలానా చెట్టునే ఎంచుకుంటాయి కాబట్టి పేరు తేల్చేటప్పుడు శాస్త్రవేత్త అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. చెట్టు పేరు తెలియకపోతే దుంగ బెరడు ఫోటో ఒకటి, కోసిన ముఖం ఫోటో ఒకటి, దగ్గర్లో అదే చెట్టు బతికి ఉంటే దాని ఆకు ఫోటో ఒకటి తీసుకోవాలి. తేదీ, ఊరు, ఎన్ని రోజుల వాన తర్వాత తీశారో కూడా వాటి కింద రాసుకోవాలి.